పైపు ఎవరు వేయాలి? పైసలు ఎవరు కట్టాలి?

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. అందులో మొదటి మాట నీళ్లు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. హైదరాబాద్ శివార్లలోని ఎన్నో కొత్త కాలనీలకు మాత్రం మంచినీళ్ల మెయిన్ లైన్ రాలేదు. అక్కడ ఇప్పటికీ ట్యాంకర్ హారన్ కోసమే ఎదురుచూపు.

ఆ ప్లాట్లు కొన్నది ఎవరు? నెలనెలా జీతంలో కోత పెట్టుకున్న చిన్న ఉద్యోగులు. వెంచర్ యజమాని నల్లా నీళ్లని నమ్మించి అమ్ముకున్నడు. సర్కారు రిజిస్ట్రేషన్ ఫీజు తీసుకున్నది. 2020లో లేఅవుట్ల క్రమబద్ధీకరణకు పిలిస్తే 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చినయి. ఒక్కో ప్లాటుకు 1000 రూపాయలు దరఖాస్తు రుసుమే. ఇన్ని కట్టినంక నల్లా అడిగితే, ‘లైన్ ఖర్చు మీరే పెట్టుకోండి’ అంటే ఎట్లా?

పైపు ఉత్తగ రాదని మాకూ తెలుసు. రిజర్వాయర్ ఎత్తు, పైపు సైజు చూడకుండా లైన్ పొడిగిస్తే ముందు కాలనీకి ధార తగ్గుతది, చివరి కాలనీకి గాలి వస్తది. అందుకే లెక్కలు ముందు పెట్టి మాట్లాడాలె. ఖర్చులో మొదటి వాటా వెంచర్ యజమానిది. అనుమతి ఉన్న లేఅవుట్లలో సౌకర్యాలు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు తనఖాలో ఉంటయి. అవి విడుదల కాకముందే కాలనీ సంఘాలు మేల్కొనాలె. విడుదలైనయా లేదా అన్నది 2005 సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు.

చర్చలకు పోయేటోళ్లకు ఇంకో మాట. కాగితం మీద సంతకం కాంగనే సంబరపడొద్దు. 1956 పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకాలు లేవా? 1985లో ఇచ్చిన 610 జీవోలో 1986 మార్చి 31 అని గడువు లేదా? ఉన్నయి. లేనిది అమలే. కాబట్టి కాలనీ వాటా కట్టాల్సి వస్తే ఒక్కసారే కట్టొద్దు. పైపులు దిగినంక కొంత, లైన్ పడ్డంక కొంత, నల్లాలో నీళ్లు వచ్చినంక మిగతాది. పైసలను పనికి ముడిపెట్టాలె.

వెంచర్‌కు భూములు పోయిన ఊరిని మరవొద్దు. 2004 నుంచి కృష్ణా నీళ్లు నల్లగొండ జిల్లా మీదుగనే హైదరాబాద్‌కు వస్తున్నయి. అదే జిల్లాలో ఫ్లోరైడ్‌తో వంగిన నడుములను ఉద్యమంలో ఊరూరా చూపినం. తన పక్క నుంచే పైపు పోతుంటే గొంతు తడవకపోవడం ఎంత బాధో మనకు తెలుసు. ఆ అన్యాయం మన కాలనీ పేరు మీద జరగొద్దు. కొత్త లైన్ దారిలో ఉన్న పాత ఊరికి, దళితవాడకు అదే రోజు నల్లా రావాలె. దాన్ని కూడా ఒప్పందంలో రాయించాలె.

రాష్ట్రం కోసం రోడ్డెక్కినోళ్లం. నల్లా కోసం లెక్క అడగడానికి మొహమాటం ఎందుకు?