పులి మీద చదవొచ్చు, ఊరి మీద చదవకూడదా?

ఉప్పల్ రోడ్డులో సీసీఎంబీ ఉంది. అంతరించిపోతున్న జీవుల పరిరక్షణ కోసం పనిచేసే లాకోన్స్ ల్యాబ్ ఆ సంస్థదే. అక్కడికి దగ్గర్లోనే నాచారం పారిశ్రామికవాడ. అందులో షిఫ్టులు చేసే దళిత కుటుంబాల పిల్లలకు జీవవైవిధ్య పరిరక్షణలో పీజీ ఉందని చెప్పేదెవరు?

ఇది ఉద్యోగాల సమస్య మాత్రమే కాదు. అడవి ఎవరి చేతిలో ఉండాలో తేల్చేది ఈ చదువే. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, అడవిపై బతికే దళితులు 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉన్నామని రుజువు చేయాలి. పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమేనని నిబంధనలు చెబుతున్నాయి. దాన్ని పద్ధతిగా నమోదు చేసి నిలబెట్టే చదువు మన పిల్లలకు కావాలి.

కేంద్రం చేసిందేమిటి? ఎస్సీ విద్యార్థులను విదేశాలకు పంపే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నుంచి 2022లో భారత సంస్కృతి, చరిత్ర, సామాజిక అంశాల పరిశోధనను తప్పించింది. పులి మీద పరిశోధనకు డబ్బొస్తుంది. ఆ పులి కోసం ఖాళీ చేయించిన ఊరి మీద చేస్తే రాదు.

ఈ ఆంక్ష ఎత్తేయాలి. పరిరక్షణ పీజీల్లో అటవీ హక్కులు, కులం తప్పనిసరి పాఠాలు కావాలి. ఉప్పల్, నాచారం డిగ్రీ విద్యార్థులతోనే ఈ చర్చ మొదలుపెడదాం.