గడువు తీరాక పెట్టిన శిబిరం

తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో జరిగిన కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ల మాట ఎత్తితే ఇప్పటికీ రెండే వాదనలు వినిపిస్తాయి. తప్పంతా ఆపరేషన్ చేసిన డాక్టరుదన్నది ఒకటి. రోజుకు ముప్పై దాటకూడదన్న నియమం ఉండగా ముప్పై నాలుగు చేశారన్నది రెండోది. మొదటి వాదన పోలీసు కేసు దగ్గర ఆగిపోయింది. రెండోది సస్పెన్షన్లు, బదిలీల దగ్గర చల్లారింది. 2022 ఆగస్టు 25న ప్రభుత్వ ఆసుపత్రిలో 34 మందికి ఆపరేషన్లు చేస్తే నెలాఖరులోపే నలుగురు తల్లులు చనిపోయారు. అంత జరిగాక కూడా అసలు ప్రశ్నను ఈ రెండు వాదనలూ పక్కదారి పట్టించాయి. ఆ రోజు అక్కడ శిబిరం ఎందుకు పెట్టారు?

ఈ ప్రశ్న ఎందుకంటే, అప్పటికి దేశంలో ఎక్కడా శిబిరం ఉండకూడదు. 2016 సెప్టెంబరు 14న దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు జస్టిస్ మదన్ బి. లోకూర్, జస్టిస్ యు.యు. లలిత్‌ల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. మూడేళ్లలో శిబిరాలు నిలిపేస్తామన్నది కేంద్రం సొంత మాటే. ఆ మాట మీద నిలబడాలని, రాష్ట్రాలనూ ఒప్పించాలని కోర్టు చెప్పింది. కనీసం నాలుగు రాష్ట్రాలు అప్పటికే ఆ పని చేశాయని కూడా గుర్తుచేసింది. అంటే ఆఖరి గడువు 2019 సెప్టెంబరు 14. ఇబ్రహీంపట్నంలో ఆపరేషన్ బల్లలు పరిచింది ఆ గడువు తీరి మూడేళ్లు కావస్తుండగా. కోర్టు ఇచ్చిన మూడేళ్లు గడిచాయి, ఆ మీద ఇంచుమించు ఇంకో మూడేళ్లూ గడిచాయి. నాగార్జునసాగర్ రోడ్డు మీద, రాజధానికి కూతవేటు దూరంలో, ఒక్క పూటలో ముప్పై నలుగురు ఆడవాళ్లను వరుసలో పడుకోబెట్టారు.

ఈ తేదీని పక్కన పెట్టి మాట్లాడే ఏ విశ్లేషణైనా నాకు చిరాకే. ముప్పై అన్న సంఖ్య మీద జరిగిన చర్చనే తీసుకోండి. నలుగురు ఎక్కువయ్యారు, నలుగురు చనిపోయారు అంటూ లెక్క కుదిరినట్టు కొందరు రాసేశారు. ముప్పై దగ్గర ఆపి ఉంటే ఆ నలుగురూ బతికేవారా? ముప్పై అన్నది ఒక సర్జన్, మూడు ల్యాప్రోస్కోపులు, సరిపడా సిబ్బంది ఉన్న జట్టుకు పెట్టిన గరిష్ఠ పరిమితి. అంతవరకూ చేస్తే ప్రమాదం ఉండదని ఎవరూ హామీ ఇవ్వలేదు.

ఆ పరిమితి వెనక ఉన్న పని ఏమిటో కొంచెం దగ్గరగా చూద్దాం. డబుల్ పంక్చర్ ల్యాప్రోస్కోపీ (డీపీఎల్) పద్ధతి‌లో పొట్ట మీద రెండు చోట్ల చిన్న రంధ్రాలు చేస్తారు. ఒకదాన్లోంచి కెమెరా గొట్టం వెళుతుంది, రెండోదాన్లోంచి ఫాలోపియన్ నాళానికి రింగు తొడిగే పరికరం వెళుతుంది. చేయి తిరిగిన డాక్టరుకు ఐదారు నిమిషాల పని. కానీ ఒకరి కడుపులోంచి తీసిన గొట్టాన్ని ఇంకొకరి కడుపులోకి పంపాలంటే ముందు శుభ్రంగా కడగాలి, తుడవాలి. రెండు శాతం గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో ఇరవై నిమిషాలు పూర్తిగా ముంచి ఉంచాలి. ఆపైన క్రిమిరహితం చేసిన నీటితో మళ్లీ కడగాలి. ఉన్నది ఒక్క గొట్టమే అయితే ముప్పై నలుగురికి నానబెట్టడానికే 680 నిమిషాలు పడుతుంది, అంటే పదకొండు గంటల ఇరవై నిమిషాలు. మూడు గొట్టాలుంటే నాలుగు గంటల్లో నానుతాయి. అది కూడా ట్రే దగ్గర నిలబడ్డ నర్సు గడియారం చూసుకుంటూ, లోపలి నుంచి “త్వరగా ఇవ్వమ్మా” అన్న కేక వినపడినా కదలకుండా ఉంటేనే. శిబిరంలో ఆ కేక పడక తప్పదు. బయట వరండాలో పొద్దుటి నుంచి ఏమీ తినకుండా కూర్చున్నవాళ్లు ఉంటారు. తీసుకొచ్చిన ఆశా కార్యకర్తకు సాయంత్రంలోగా వాళ్లను ఊరు చేర్చాలన్న ఆత్రం. ఇరవై నిమిషాలు పదికి, పది ఐదుకు జారిపోయేది ఇక్కడే. విచారణలో తేలింది కూడా ఇన్‌ఫెక్షనే, పరికరాల శుభ్రతలో నిర్లక్ష్యమే. జిల్లా వైద్యాధికారి సహా పదమూడు మందిపై చర్యలు తీసుకున్నారు. తీసుకోవాల్సిందే. కానీ ఆ పదమూడు మంది జాబితాలో 2019 గడువును గాలికొదిలేసిన విధానకర్తలెవరూ లేరు.

ఇక ఆపరేషన్ తర్వాతి కథ. నన్నడిగితే అసలు కథ ఇదే.

నిబంధనల ప్రకారం ఆపరేషన్ అయ్యాక కనీసం నాలుగు గంటలు కనిపెట్టుకుని చూసి, అన్నీ సవ్యంగా ఉంటేనే ఇంటికి పంపాలి. 48 గంటల్లోపు ఆరోగ్య కార్యకర్త వెళ్లి చూడాలి. ఏడో రోజు కుట్లు విప్పేటప్పుడు ఒకసారి, నెల తర్వాత మరోసారి పరీక్షించాలి. ఇబ్రహీంపట్నంలో ఏం జరిగింది? ఇంటికి వెళ్లాక వాంతులు, విరేచనాలు మొదలైనవాళ్లను కుటుంబ సభ్యులే ప్రైవేటు ఆసుపత్రులకు మోసుకెళ్లారు. అధికారుల తొలి ప్రకటనల్లో వినిపించిన మాట గ్యాస్ట్రోఎంటరైటిస్ లక్షణాలని. మిగిలిన ముప్పై మందిని వెతికి పట్టుకుని పరీక్షించడం, కొందరిని నిమ్స్‌కు, మరికొందరిని అపోలోకు తరలించడం మరణాల తర్వాత జరిగిన హడావుడి. ప్రాణాలు పోయాక చేయగలిగిన ఆ పనిని, నిబంధన చెప్పిన 48 గంటల్లో చేయడానికి అడ్డొచ్చిందేమిటి?

వైద్యంలో ఫలితాలను వెంబడించి చూడటం అంటే ఏమిటో తెలియాలంటే అమెరికాలో జరిగిన క్రెస్ట్ అధ్యయనం చూడండి. 1978 నుంచి 1986 వరకు ట్యూబెక్టమీ చేయించుకున్న 10,685 మంది మహిళలను ఏళ్ల తరబడి పలకరించి, ఎవరికి ఏమైందో రాసుకున్నారు. ఈ ఆపరేషన్ ఎప్పటికీ విఫలం కాదనుకునే డాక్టర్లకు అది కనువిప్పు అయింది. పదేళ్లలో వెయ్యికి 18.5 మంది గర్భం దాల్చారని తేలింది. పద్ధతిని బట్టి, వయసును బట్టి ఆ రేటు ఎలా మారుతుందో కూడా తెలిసింది. ఇప్పుడు మన సంగతి చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశ సగటు 37.9 శాతమే. మగవాళ్ల ఆపరేషన్లు దేశంలో 0.3 శాతం, ఆ సంఖ్య మీద వేరే వ్యాసమే రాయాలి. ప్రపంచంలోనే ఇంత పెద్ద ఎత్తున ఈ ఆపరేషన్ జరిగిన ప్రాంతాలు అరుదు. పది వేల మందిని పదేళ్లు గమనించిన దేశం ఒకటి. ముప్పై నలుగురిని మూడు రోజులు గమనించలేకపోయిన రాష్ట్రం మనది.

లెక్కలు అసలే లేవని కాదు. ఉన్నాయి, పరిహారం ఖాతాలో ఉన్నాయి. డిశ్చార్జి అయిన ఏడు రోజుల్లోపు చనిపోతే ఇంత, ఎనిమిదో రోజు నుంచి ముప్పయ్యో రోజు లోపల అయితే అందులో నాలుగో వంతు, ఆపరేషన్ ఫెయిలై గర్భం వస్తే ఇంకొంత అని కేంద్రం రోజుల వారీగా రేటు కట్టింది. ఏడో రోజు రాత్రి పోయిన ప్రాణానికీ ఎనిమిదో రోజు తెల్లవారుజామున పోయిన ప్రాణానికీ ఈ పథకంలో నాలుగింతల తేడా. దేశవ్యాప్తంగా 2010–13 మధ్య 363 మరణాలు సంభవించాయన్న సంఖ్య సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఎవరికి ఏ మందు పడలేదు, ఏ మత్తు వికటించింది, ఏ గొట్టం నుంచి ఏ క్రిమి వచ్చిందన్న వైద్య సమాచారం మాత్రం చెక్కు చేతికిచ్చిన రోజే ఫైలుతోపాటు మూతపడుతుంది. అందుకే 2016 తీర్పు శిబిరాలు ఆపమనడంతో సరిపెట్టలేదు. రాష్ట్రాల నాణ్యతా కమిటీలు ఏటా నివేదిక ప్రచురించాలంది. మరణాలపై జరిపిన విచారణల వివరాలు, దిద్దుబాటు చర్యలు జనం ముందు పెట్టాలంది. ఆపరేషన్ వల్ల ఏమవుతుందో స్థానిక భాషలో వివరించి, మనసు మార్చుకోవడానికి గంటసేపైనా వ్యవధి ఇవ్వాలంది. వరండాలో ముప్పై మంది బారులు తీరితే ఎవరికి దొరుకుతుంది ఆ గంట?

తీర్పు వెనక ఉన్న బిలాస్‌పూర్ సంగతి మనవాళ్లు మరిచినట్టున్నారు. 2014 నవంబరు 8న ఛత్తీస్‌గఢ్‌లో ఒక్క సర్జన్ కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశాడు. అక్కడి శిబిరాల మరణాలు పదమూడుకు చేరాయి. ఆ సర్జన్‌కు అదే ఏడాది మొదట్లో యాభై వేల ఆపరేషన్లు చేసినందుకు ప్రభుత్వమే సన్మానం చేసింది. మరణాలు బయటపడగానే వేలు మందుబిళ్ల వైపు తిరిగింది. సిప్రోసిన్ అన్న యాంటీబయాటిక్ మాత్రల్లో ఎలుకల మందు కలిసిందని ప్రకటనలు వచ్చాయి. శవపరీక్షలు ఇన్‌ఫెక్షన్ వైపు చూపిస్తుంటే చర్చ మాత్ర చుట్టూ తిరిగింది. మాత్ర దోషమైతే కంపెనీ దొరుకుతుంది. గొట్టం దోషమైతే టార్గెట్లు పెట్టినవాళ్లు దొరికిపోతారు.

మన నేల మీద కూడా పాఠం దొరక్కపోలేదు. 2009–10లో ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది బాలికలకు పాత్ అనే సంస్థ హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు నడిపింది. ఐసీఎంఆర్ తోడు నిలిచింది. అనుమతి పత్రాల మీద ఎన్నో చోట్ల తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. దుష్ప్రభావాలు నమోదు చేసే ఏర్పాటు సరిగా లేదని 2013లో పార్లమెంటరీ స్థాయీసంఘం కడిగేసింది. టీకా వేయించుకున్నాక సంభవించిన బాలికల మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ కమిటీ అంతకుముందే చెప్పింది. అయినా ఎవరు నమ్మారు? టీకా వేసిన ప్రతి పిల్లనూ క్రమం తప్పకుండా చూసి రాసుకుని ఉంటే ఆ రాతలే జవాబు చెప్పేవి. అవి లేకపోవడంతో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే మంచి టీకా కూడా ఏళ్ల తరబడి అనుమానాల్లో మగ్గింది. దుష్ప్రభావాలు లెక్కిస్తే పథకానికి చెడ్డపేరు వస్తుందని భయపడే అధికారులు ఖమ్మం సంగతి మళ్లీ ఒకసారి చదువుకోవాలి.

అవతలి వాదనా ఉంది, కాదనను. సర్జన్లు తక్కువ, మత్తు డాక్టర్లు ఇంకా తక్కువ. మంచాల, మాడ్గుల వైపు పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లకు ప్రైవేటులో ఆపరేషన్ చేయించుకునే స్తోమత లేదు. శిబిరం ఆపితే వాళ్లే నష్టపోతారంటారు. సరే, శిబిరం ఆపమంటే ఆపరేషన్లు ఆపమని కాదు కదా. ఏరియా ఆసుపత్రిలో వారానికి నాలుగు రోజులు, రోజుకు ఏడెనిమిది మందికి చేస్తే నెలకు వంద దాటుతాయి. గొట్టం ఇరవై నిమిషాలూ నానుతుంది, రాత్రికి ఆసుపత్రిలోనే ఉంచుకోవచ్చు, నర్సుకు పేషెంటు పేరు కూడా గుర్తుంటుంది. కాన్పు అయిన చోటే, ఆ వారంలోనే చేసేస్తే ఇంకా సులువు. ఆ పని చేయకపోవడానికి కారణం పేదరికం కాదు. ఒక్కరోజులో ముప్పై నాలుగు అంటే నెలవారీ సమీక్షలో చూపించుకోవడానికి బాగుంటుంది. కలెక్టరేట్‌లో ఎన్ని చేశారని అడుగుతారు గానీ, చేసినవాళ్లు ఎలా ఉన్నారని ఎవరడుగుతారు?

ఇంకో తమాషా చూడండి. నిన్నటిదాకా ఇద్దరు చాలన్నవాళ్లే ఇప్పుడు ఇంకొంతమందిని కనమంటున్నారు. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు ఆ పిలుపిచ్చారు. నవంబరులో అక్కడి శాసనసభ స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన ఎత్తేసింది. జనాభా తగ్గిపోతోంది, దక్షిణాదికి పార్లమెంటు సీట్లు తగ్గిపోతాయి అని పెద్దమనుషులు పేజీలకు పేజీలు రాస్తున్నారు. జననాల రేటు ఇంత కిందికి దిగడానికి ఎవరి కడుపులు కోశారో ఆ వ్యాసాల్లో ఒక్క వాక్యం ఉండదు. ఒక తరం ఆడవాళ్లను ఇరవైల్లోనే బల్ల ఎక్కించి టార్గెట్లు నింపుకున్నారు. ఇప్పుడు వాళ్ల కూతుళ్లకు కొత్త టార్గెట్ ఇస్తున్నారు. ఆపరేషన్ల వల్ల ఎందరికి ఇన్‌ఫెక్షన్ సోకింది, ఎందరికి పేగులు దెబ్బతిన్నాయి, ఎందరు పదేళ్ల తర్వాత మళ్లీ గర్భం దాల్చారు? ఈ ప్రశ్నలకు జిల్లాల వారీగా పట్టిక పెట్టమంటే ఏ మంత్రి పెట్టగలరు?

ఇక సాకులు చాలు. 2019 సెప్టెంబరు 14 తర్వాత తెలంగాణలో ఎన్ని శిబిరాలు పెట్టారో, ఏ అధికారి సంతకంతో పెట్టారో ఆరోగ్యశాఖ జాబితా బయటపెట్టాలి. ప్రతి శిబిరం పక్కన మూడు గడులు ఉండాలి: ఎన్ని ల్యాప్రోస్కోపులు వాడారు, 48 గంటల్లోపు ఎందరిని ఇంటికెళ్లి చూశారు, నెల తర్వాత ఎందరిని పరీక్షించారు. మూడో గడి ఖాళీగా ఉంటే ఖాళీగానే అచ్చు వేయండి. ఇబ్రహీంపట్నం విచారణ నివేదికను కూడా, చనిపోయినవారి పేర్లు తీసేసి, మొదటి పుట నుంచి చివరి పుట దాకా తెలుగులో వెబ్‌సైట్‌లో పెట్టండి. డాక్టర్ల పేర్లు వెతకడానికి కాదు, ఆ శిబిరానికి అనుమతి ఇచ్చిన కాగితం మీద తేదీ చూడటానికి.