హాలులో గోల ఖర్చు కాదా?

సంపాదకులకు,

ఇంటి నుంచి పనిని సోమరితనమనీ, ఆఫీసు డిజైన్‌ను ఉత్త హంగనీ కొట్టిపారేసిన గత సంచిక వ్యాసంతో నేను ఏకీభవించలేను.

షాంఘైలోని సీట్రిప్ ట్రావెల్ సంస్థ 2010 డిసెంబరు నుంచి తొమ్మిది నెలలు ఓ ప్రయోగం చేసింది. ముందుకొచ్చిన కాల్ సెంటర్ సిబ్బందిలో పుట్టినతేదీ సరిసంఖ్య అయినవారు వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచే పనిచేశారు. బాగా పనిచేసేవారినే ఏరుకున్నారన్న అనుమానానికి తావు లేదు. పనితీరు 13 శాతం పెరిగింది. ఉద్యోగం మానేసేవారు సగానికి తగ్గారు. పనితీరు పెరగడానికి విరామాలు, సెలవులు తగ్గడం ఒక కారణం. ఇంట్లో గోల లేక, నిమిషానికి ఎక్కువ కాల్స్ తీసుకోగలగడం మరొకటి. మరి మాట వినబడని హాలు కట్టిన యజమాని రోజూ ఎంత పోగొట్టుకుంటున్నట్టు? డిజైన్ హంగెలా అవుతుంది?

తర్వాత ఎవరిష్టం వారికి వదిలేస్తే, ఒంటరితనం భరించలేక దాదాపు సగంమంది ఆఫీసుకు తిరిగొచ్చారు. అప్పుడు పనితీరులో పెరుగుదల 22 శాతానికి చేరింది! ఎంచుకునే స్వేచ్ఛ విలువ అది.

ఇంట్లో ఉన్నవారికి మాత్రం పనికి తగ్గ ప్రమోషన్లు రాలేదు. కంటికి కనబడనివారిని మరిచిపోయే మేనేజర్లను వ్యాసకర్త నిలదీసి ఉంటే ఎంతో సంతోషించేదాన్ని.

— ఒక పాఠకురాలు, విజయవాడ