గట్టి మాత్ర

ఆదోని మార్కెట్ యార్డులో పత్తిమూటలు మోయు హమాలీకిని, ఎమ్మిగనూరులో గుంటమగ్గమునందు కాళ్ళు దించి పొద్దస్తమానము నాడె విసరు నేతగానికిని, ఎండలో నడుము వంచి పత్తి తీయు కూలితల్లికిని సాయంకాలమగుసరికి సమానముగా దక్కునది యొక్కటే, అది ఒళ్ళునొప్పి. మాచాని సోమప్పగారు 1938లో నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించి ఎమ్మిగనూరు వస్త్రములకు పేరు తెచ్చిరి. నూలుకును అమ్మకమునకును సంఘము పూచీపడవచ్చును గాని, నడుమునొప్పికి పూచీ మాత్రము నాటికిని నేటికిని వీథిమొగదల మందులషాపుదే.

ఆ షాపు ముందు దీపాలవేళ నిలిచి చూచినచో ఈ బేరమెంత వేగముగా సాగునో తెలియును. "అన్నా, ఒళ్ళునొప్పులకు గట్టి మాత్రలియ్యి" అని కూలితల్లి అడుగుటయు, "ఇవి ఏసుకోక్కా, తెల్లారేసరికి తగ్గిపోతాది" అని షాపువాడు పది మాత్రల అట్టనుండి నాలుగింటిని కత్తెరతో కత్తిరించి కాగితపు కవరులో వేయుటయు అరనిమిషములో ముగియును. మందుపేరును గడువుతేదీయు ముద్రించియున్న ముక్క తరచుగా అంగడిలోనే మిగిలిపోవును. ఇంటికి పోవునది పేరులేని మాత్ర. బీపీ కలదా, కడుపులో పుండు కలదా, నేడెన్ని చెంబుల నీరు త్రాగితివి అను ప్రశ్న ఇరువురికిని తోపదు. నా ఆక్షేపణ అతని తొందరమీద కాదు, గట్టిదనమొక్కటే కొలతగా మందును ఎన్నుకొను పద్ధతిమీద.

నొప్పిమాత్రలు స్థూలముగా రెండు తెగలు. పారాసిటమాల్ జ్వరమును, సామాన్యమైన నొప్పిని తగ్గించును గాని వాపును అంతగా ముట్టదు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్ మొదలగునవి రెండవ తెగ. బెణికిన కాలికి, వాచిన కీలుకు ఇవియే మేలైనవన్న మాటను నేను కాదనను. అయితే ఇవి పనిచేయు మర్మమును 1971లో వెల్లడించి, 1982లో నోబెల్ బహుమానమున భాగమందిన జాన్ వేన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు చూపినట్లు, దేహములో ప్రోస్టాగ్లాండిన్లు అను పదార్థముల ఉత్పత్తిని ఈ మందులు అడ్డగించును. నొప్పిని రగుల్చునవి ఆ పదార్థములే. జీర్ణాశయపు లోపొరను ఆమ్లమునుండి కాచునవియు, నీరు తరిగిన దేహములో మూత్రపిండములకు రక్తము చేర్చు నాళములను తెరచియుంచునవియు కూడ ఆ పదార్థములే.

ఈ చివరిమాట మన సీమకు విశేషముగా వర్తించును. కోసిగి, మంత్రాలయము, ఆదోని ప్రాంతపు పల్లెలనుండి ఏటేట కుటుంబములకు కుటుంబములే తాళము వేసి మిరపకోతలకు గుంటూరు సీమకు తరలిపోవుట అందరెరిగినదే. ఫాల్గుణము దాటుకొలది ఎండ ముదురును. చేనిలో మరుగు ఉండదు గనుక ఆడువారు కావలెననియే నీరు తగ్గించుకొందురు. పరగడుపున ఒక డైక్లోఫెనాక్ మింగి చేనిలో దిగువారును లేకపోలేదు. చెమటతో నీరు తరిగిన ఆ దేహములో మూత్రపిండము ఏ పదార్థపు ఆసరాతో పనిచేయుచున్నదో దానినే ఆ మాత్ర లాగివేయును. ఆరోగ్యవంతురాలికి ఒకనాటి మాత్ర అపాయము చేయకపోవచ్చును. కోతలకాలమంతయు నిత్యము మింగుట వేరు. పశువులకిచ్చిన ఈ డైక్లోఫెనాకే కళేబరములద్వారా రాబందులకు చేరి, వాని మూత్రపిండములను చెరచి, జాతిని క్షీణింపజేయుచుండగా 2006లో మన ప్రభుత్వము పశువైద్యమునుండి దానిని తొలగించినది. మనుష్యుడు రాబందు కాడు, ఆ పోలికను సాగదీయను. కాని పక్షివిషయమున జరిగినంత విచారణ కూలితల్లివిషయమున జరుగలేదని అనక తప్పదు.

బీపీ మాత్రలు, అందును మూత్రమును హెచ్చించు మందుతో కూడినవి, వాడువారికి ఈ మూత్రపిండపు ముప్పు మరింత అధికము. గర్భిణులు వైద్యుని అడుగక ఈ రెండవ తెగ మాత్రలను ముట్టరాదు. వానలు వెలిసి డెంగీ తిరుగు దినములలో జ్వరముతో ఒళ్ళు పచ్చిపుండైనను ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్‌ల జోలికి పోరాదు, రక్తస్రావము హెచ్చును. అప్పుడు పారాసిటమాలే శరణ్యము. పండ్రెండేండ్లలోపు పిల్లలకు నిమెసులైడ్ 2011లోనే నిషిద్ధమైనది.

అట్లని పారాసిటమాల్‌ను పప్పుబెల్లములవలె పంచిపెట్టుమని కాదు. ఆరోగ్యవంతుడైన పెద్దవానికి 24 గంటలలో 4 గ్రాములు పరమావధి. 650 మిల్లీగ్రాముల మాత్రలైనచో ఆరు, అవియును ఎడమిచ్చి, కొలదిదినములు మాత్రమే. మద్యపానము అలవాటైనవాని కాలేయము అంతటిని భరింపదు, ఇంకను తగ్గింపవలెను. చిక్కెక్కడనగా, జలుబుమాత్రలలోను, ఎసిక్లోఫెనాక్‌తో కలిపిన జంటమాత్రలలోను పారాసిటమాలే దాగియుండును. కవరులోని పేరులేని మాత్రను మింగి, జ్వరము తగ్గలేదని పైన డోలో అను పారాసిటమాల్ మాత్ర వేసికొన్నవాడు మొత్తమెంత మింగెనో ఎవరు లెక్కింపగలరు? నీడలో కూర్చుండు నేతగాని భుజమునకో మోకాటికో అయినచో ముందు డైక్లోఫెనాక్ పూతమందు రుద్ది చూడవచ్చును. దానిలో రక్తమున చేరునది స్వల్పము.

డైక్లోఫెనాక్ మాత్రను వైద్యుని చీటీ లేక అమ్మరాదని చట్టము. చీటీకై ఆసుపత్రి వరుసలో నిలిచినచో ఒకనాటి కూలి పోవును. అందుచేత ఆ చట్టమును కూలివాని ముందు వల్లించుట నాకు రుచింపదు. షాపువారు కవరుమీద మందుపేరు వ్రాసి ఇచ్చుటకును, బీపీ, కడుపులో పుండు, నీరు అను మూడు సంగతులు అడుగుటకును మరియొక అరనిమిషము చాలును. మూత్రము తగ్గినను, ముఖమో పాదములో ఉబ్బినను, విరేచనము నల్లబడినను మాత్ర మాని వెంటనే ఆసుపత్రికి పోవలెనన్న సంగతిని ఆశా కార్యకర్తలు పల్లెలలో చెప్పవలసినది వలసలు ముగిసి తిరిగివచ్చిన పిదప కాదు, గుంటూరు బండి యెక్కుటకు ముందు.

— ఆదవాని వాసి