మన ఇంట్లో ఇంకో గ్రైండరు!

గ్రైండరు అనగానే మనకి ఇడ్లీపిండే గుర్తొస్తుంది. కానీ పాత కారుకి పట్టిన తుప్పు గీకాలన్నా, గేటు ఊచ కోయాలన్నా కావలసింది యాంగిల్ గ్రైండరు. మీ వారో, అబ్బాయో కొంటానంటే ఇంటి పనులకి 4 అంగుళాలది చాలని చెప్పండి. పెద్దది బరువు, ఖర్చు కూడా.

చవకదైనా ఫరవాలేదు. అయితే డిస్కు మీద గార్డు, పక్కన పట్టుకునే పిడి తప్పకుండా ఉండాలి. చెయ్యి తీయగానే కరెంటు ఆగే స్విచ్ ఉంటే మరీ మంచిది. కార్బన్ బ్రష్‌లు మీ ఊళ్ళో దొరుకుతాయో లేదో ముందే అడగండి.

మెషిన్ నిమిషానికి 11,000 చుట్లు తిరిగేదైతే, డిస్కు మీద రాసిన అంకె అంతకు తగ్గకూడదు. తగ్గితే డిస్కు పగిలి ముక్కలు ఎగురుతాయి. గార్డు తీసేసి చెక్క కోసే పళ్ళ బ్లేడు బిగించనివ్వకండి.

కారు రేకు పల్చన. తుప్పుకి వైరు బ్రష్షో, ఫ్లాప్ డిస్కో వాడి మెల్లగా గీకాలి. రవ్వలు పెట్రోలు ట్యాంకు వైపు పోకూడదు. మీరే పట్టుకుంటే కొంగు దోపి, జడ ముడేసుకోండి.

మెషిన్‌లో మిగిల్చిన డబ్బుతో మంచి రక్షణ కళ్ళద్దాలు కొనండి. పిండి పాడైతే మళ్ళీ రుబ్బుకోవచ్చు, కన్ను పోతే తిరిగి రాదు కదా!