ఆ తల్లి ఎన్నాళ్లు మోయాలి?

కిందటేడు ఓ ఊరి ఉన్నత పాఠశాలకు వెళ్లాను. బడి గోడ నీడన ఒక తల్లి కూర్చుని ఉంది. కూతురికి రెండు కాళ్లూ పనిచేయవు. పొద్దున చక్రాల కుర్చీలో తీసుకొచ్చి, ఐదు మెట్లూ ఎత్తుకుని ఎక్కించి, తొమ్మిదో తరగతిలో కూర్చోబెడుతుంది. సాయంత్రం దాకా అక్కడే కాపలా. కూలికి వెళ్లవా అని అడిగాను. "నేను పోతే, దానికి ఒంటికొచ్చినప్పుడు ఎవరు మోస్తారమ్మా? అందుకే పొద్దున్నే నీళ్లు కూడా తాగనివ్వను" అంది. నెలసరి రోజుల్లో బడి మాన్పించేస్తుందట.

ఆ బడికి ర్యాంపు లేదా? ఉంది. ఐదు మెట్లంటే రెండున్నర అడుగుల ఎత్తు. అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవుండాలన్నది ప్రమాణం. అంటే 30 అడుగుల ర్యాంపు కావాలి. అక్కడున్నది పదడుగులే. దాని మీద కుర్చీని నెట్టడం కంటే పిల్లను మోయడమే నయమని ఆ తల్లి ఎప్పుడో తేల్చుకుంది. ఇక మరుగుదొడ్డి ఆవరణకు ఆ చివర, మరో రెండు మెట్ల మీద. ఆ తలుపులో కుర్చీ పట్టదు.

దీన్ని మనం తలరాత అంటున్నాం. కాదు, ఇది ప్లాను గీసినవాళ్ల రాత.

చట్టాలకు కొదవ లేదు. బడి భవనం, ఆవరణ వికలాంగ పిల్లలకు అందుబాటులో ఉండాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెప్పింది. పాత భవనాలను మార్చడానికి 2017 నిబంధనల నుంచి ఐదేళ్లు గడువిచ్చింది. ఆ గడువు 2022లోనే తీరిపోయింది. అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదు, తప్పనిసరి కావాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగ అధ్యయన కేంద్రమే.

మన తప్పు కూడా ఒప్పుకోవాలి. బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్లు కావాలని ఏళ్ల తరబడి అడిగాం. ఏ ఆడపిల్లలకు అని మనల్ని మనం ప్రశ్నించుకోలేదు. బయటికి తెరుచుకునే వెడల్పాటి తలుపు, కుర్చీ తిరిగేంత చోటు, పట్టుకోవడానికి కమ్మీలు, చేతికందే కుళాయి: ఇవి దయతో ఇచ్చేవి కావు. చూపు మందగించిన పాపకు మెట్టు అంచున మెరిసే రంగు గీత, వినపడని పాపకు టీచరు ముఖం కనిపించేంత వెలుతురు కూడా అంతే.

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో సగం మంది స్త్రీలు ఉండాలి. ఆ స్త్రీలం మనమే. వచ్చే సమావేశానికి ఒక టేపు పట్టుకెళదాం. ర్యాంపు కొలుద్దాం, తలుపు కొలుద్దాం, తీర్మానం పుస్తకంలో రాయిద్దాం. బిల్లు మంజూరుకు ముందే నిలదీద్దాం.

బిడ్డ బడికి వెళ్లాలంటే తల్లి కూలి పోగొట్టుకోవాలా? ఆ పాప కడుపు నిండా నీళ్లు తాగి బడికి వచ్చిన రోజే ఆ భవనం పూర్తయినట్టు.