గ్లౌజు మాట్లాడితే సరిపోతుందా?

చేతికి గ్లౌజు తొడుక్కుని సైగ చేస్తే ఫోనులోంచి మాట వినిపించే పరికరం గురించి ఏడాదికి ఒకసారైనా పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. మూగవారికి గొంతు వచ్చిందని శీర్షిక పెడతారు. కింద గ్లౌజు తొడుక్కున్న విద్యార్థి ఫోటో ఉంటుంది. ఆ విద్యార్థికి సాధారణంగా చెవులు బాగానే వినిపిస్తాయి! హైదరాబాదు, వరంగల్ ఇంజనీరింగు కాలేజీల్లో చివరి సంవత్సరం ప్రాజెక్టుగా ఇలాంటివి చేస్తూనే ఉన్నారు. వేళ్ల వంపును కొలిచే సెన్సర్లు గ్లౌజుకు కుట్టి, ఏ వేలు ఎంత వంగితే ఏ మాట పలకాలో ముందే రాసిపెడతారు. పిల్లల ఉత్సాహాన్ని తప్పుపట్టక్కర్లేదు. కానీ ఈ పరికరాన్ని చూపించి బధిర స్త్రీల కష్టం తీరబోతోందని చెప్పేవాళ్లతోనే మనకు పేచీ.

2016లో అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం విద్యార్థులిద్దరికి ఇలాంటి గ్లౌజులకే పదివేల డాలర్ల బహుమతి వచ్చింది. అదే విశ్వవిద్యాలయంలో సైగల భాష బోధించేవారూ, భాషాశాస్త్రం చెప్పేవారూ దీన్ని విమర్శిస్తూ బహిరంగ లేఖ రాశారు. సైగల భాష అంటే చేతులు మాత్రమే కాదు. కనుబొమలు ఎత్తడం, పెదవి విరవడం, ఒళ్లు ఏ వైపు తిరిగిందన్నది, ఇవన్నీ అందులో వ్యాకరణమే. ముఖం చూడకపోతే అది ప్రశ్నో జవాబో కూడా తెలియదు. 2020లో లాస్ ఏంజిల్స్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు తయారుచేసిన గ్లౌజుకు తోడుగా కనుబొమల మధ్య, నోటి పక్కన కూడా సెన్సర్లు అంటించి చూశారు. 98.63 శాతం కచ్చితంగా పనిచేసిందని ప్రకటించారు. లెక్క విప్పి చూస్తే, నలుగురు బధిరులు 11 సైగలను ఒక్కొక్కటి 15 సార్లు చేస్తే వచ్చిన 660 నమూనాల మీద వచ్చిన ఫలితమది. పదకొండు సైగలతో ఏ స్త్రీ తన బాధ చెప్పుకోగలదు?

అదీ అమెరికా సైగల భాష. వాళ్లు అక్షరాలను ఒక చేత్తో చూపిస్తారు, మన భారతీయ సైగల భాషలో రెండు చేతులతో చూపిస్తారు. ఆ భారతీయ సైగల భాషయినా మన ఊళ్లకు ఎంతవరకు వచ్చింది? కేంద్ర ప్రభుత్వం దీనికోసం ఢిల్లీలో ఒక సంస్థను పెట్టింది 2015లో. ఆ సంస్థ నిఘంటువు 2021 నాటికి పదివేల పదాలకు చేరింది. మంచిదే. కానీ బడి మొహం చూడని పిల్లకు నిఘంటువు ఏం చేస్తుంది? కొడకండ్ల, పాలకుర్తి, దేవరుప్పుల లాంటి చోట్ల బధిర ఆడపిల్లను దూరంగా ఉన్న ప్రత్యేక హాస్టలుకు పంపడానికి తల్లిదండ్రులు వెనకాడతారు. ఆ పిల్ల తల్లితో, చెల్లెళ్లతో కలిసి కల్పించుకున్న ఇంటి సైగలతోనే పెరుగుతుంది. పెళ్లయి అత్తగారింటికి వెళ్తే ఆ సైగలు తెలిసినవాళ్లు అక్కడ ఎవరూ ఉండరు. ఆమెకు పేరు కూడా మిగలదు, ఊరంతా ‘మూగది’ అనే పిలుస్తుంది. ఏ గ్లౌజుకూ ఆమె సైగలు ఎవరూ నేర్పలేదు, నేర్పరు. పైగా నాట్లు వేసే చేతులకు, పత్తి ఏరే చేతులకు, మగ్గం ఇంట్లో కండెలు చుట్టే చేతులకు తీగలున్న గ్లౌజు తొడగడం ఎవరి ఆలోచన? వినగలిగినవాళ్లు నాలుగు సైగలు నేర్చుకునే శ్రమ పడకుండా, ఆ శ్రమా ఖర్చూ ఆమె చేతికే తొడుగుతున్నారు. ఎదుటివాళ్ల మాటను తిరిగి ఆమెకు సైగల్లో చెప్పే పని ఆ గ్లౌజు చెయ్యదు కూడా.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కొడకండ్ల పోలీసుస్టేషన్‌కు ఒక బధిర యువతి అత్యాచారం జరిగిందని చెప్పడానికి వచ్చిందనుకుందాం. ఆమె సైగలను పోలీసులకు ఎవరు చెప్పాలి? మామూలుగా పక్కనున్న బంధువే చెబుతారు. హింస చేసినవాడు ఆ ఇంటివాడే అయితే? పరువు పోతుందని ఆ బంధువు సగం మింగేస్తే? సంఘాల్లో పనిచేసే మనకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

చట్టం ఈ ప్రమాదాన్ని గుర్తించింది. 2013 సవరణతో వచ్చిన నియమాలు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టాల్లోనూ ఉన్నాయి. లైంగిక నేరాల్లో, యాసిడ్ దాడుల్లో బాధితురాలు వికలాంగురాలైతే పోలీసులే ఆమె ఇంటికి గానీ, ఆమె కోరిన చోటికి గానీ వెళ్లి, దుబాసీ లేదా ప్రత్యేక ఉపాధ్యాయుల సమక్షంలో ఫిర్యాదు రాసుకోవాలి, వీడియో తీయాలి. ఇది భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్. కోర్టులో మాట్లాడలేని సాక్షికి దుబాసీ సాయం తీసుకోవాలని సాక్ష్య చట్టం 125వ సెక్షన్ చెబుతోంది. అయితే ఫిర్యాదు దశలో ఇచ్చిన ఈ రక్షణ భర్త, అత్తమామల క్రూరత్వం కేసులకు లేదు. రోజూ తన్నులు తినే బధిర స్త్రీకి దుబాసీని ఇవ్వమని ఆ సెక్షన్ చెప్పదు. దీని గురించి మనం అడగనే లేదు.

2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు పటాన్ జమాల్ వలీ కేసులో ఇచ్చిన తీర్పు మన తెలుగు నేల మీది కేసుకు సంబంధించింది. కర్నూలు జిల్లాలో చూపులేని దళిత యువతిపై జరిగిన అత్యాచారం అది. నిందితుడి యావజ్జీవ శిక్షను కోర్టు ఖాయం చేసింది. కులం, లింగం, వైకల్యం కలిసి స్త్రీని ఎలా అణుస్తాయో వివరంగా రాసింది. వికలాంగురాలి సాక్ష్యాన్ని తక్కువ చేసి చూడకూడదంది. (ఆ నేరం కులం కారణంగా జరిగినట్టు రుజువు కాలేదని అట్రాసిటీ చట్టం కింద పడిన శిక్షను మాత్రం కొట్టేసింది. దాని గురించి వేరే రాయాలి.) శిక్షణ పొందిన దుబాసీలను నియమించాలని, ప్రతి పోలీసుస్టేషన్‌లో దుబాసీల, ప్రత్యేక ఉపాధ్యాయుల, న్యాయసహాయం చేసేవారి వివరాలు ఉండాలని కూడా ఆ తీర్పు చెప్పింది.

ఆ యువతి స్థానంలో గ్లౌజును ఊహించండి. ‘నన్ను పట్టుకున్నాడు’ అన్న సైగను అది ‘నాకు దొరికాడు’ అని పలికితే ఎవరు జవాబుదారీ? దుబాసీని కోర్టు ప్రమాణం చేయించవచ్చు, తప్పు చెబితే నిలదీయవచ్చు. ఇంటి సైగలు అర్థం కాకపోతే దుబాసీ ఆగి మళ్లీ అడుగుతుంది, బొమ్మ గీయిస్తుంది, ఆమె తల్లిని విడిగా పిలిచి కనుక్కుంటుంది. గ్లౌజు తనకు తెలిసిన వాటిలో దగ్గరిదాన్ని ఎంచుకుని ధీమాగా పలికేస్తుంది.

కొడకండ్ల పక్కనే పాలకుర్తి, ఐలమ్మ భూమి కోసం నిలబడిన చోటు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చేదాకా తెలంగాణ పోరాటంలో స్త్రీల కథను ఎక్కువగా ఇతరులే చెప్పారు. ఆ పుస్తకం కోసం మన అక్కలు వాళ్ల ఎదురుగా కూర్చుని విన్నారు. బధిర స్త్రీల విషయంలో మనమింకా ఆ పని మొదలుపెట్టలేదు. మన సభల్లో, మన శిక్షణ తరగతుల్లో ఎక్కడైనా దుబాసీ ఉందా? గృహహింస గురించి మనం వేసే కరపత్రాలు చదువురాని బధిర స్త్రీకి ఎలా చేరతాయి?

సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో బధిరుల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ప్రతి జిల్లా సఖి కేంద్రం నుంచి ఇద్దరినైనా సైగల భాష నేర్చుకోవడానికి పంపమని మహిళా శిశు సంక్షేమ శాఖను అడగవచ్చు. బధిర స్త్రీలనే అక్కడ ఉద్యోగులుగా తీసుకోమని కూడా అడగాలి. ఇంటి సైగలను పట్టుకోవడంలో వాళ్లకున్న నేర్పు వినేవాళ్లకు అంత తేలిగ్గా రాదు. ఈలోగా వరంగల్ పోలీసు కమిషనరేట్‌కు సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెడదాం. సుప్రీంకోర్టు చెప్పిన జాబితా కొడకండ్ల స్టేషన్‌లో ఉందా, ఉంటే అందులో దుబాసీలు ఎందరు, వాళ్లలో ఆడవాళ్లు ఎందరు?